మేకు ముందు, అంకె తరువాత: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. భూమి చరిత్రను ముక్కలుగా ఎలా విడగొడతారు, ఆ ముక్కలకు అంకెలు ఎక్కడినుంచి వస్తాయి అని. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేశాం. అంకెలన్నీ కోట్లలోకి మార్చి ఇచ్చాం. ఇంగ్లిష్ పుస్తకంలో ‘ఎమ్.ఎ.’ అని కనిపిస్తే ‘పది లక్షల ఏళ్ళ కిందట’ అని అర్థం, ఆ అంకెను 10తో భాగిస్తే కోట్లు వస్తాయి. ‘జి.ఎ.’ అని ఉంటే 100తో గుణించండి.

ప్రశ్న (పెరంబూరు నుంచి ఒక తండ్రి): డైనోసార్లు అంతరించి 6.5 కోట్ల ఏళ్ళయిందని పాత పుస్తకంలో ఉంది. కొత్త పుస్తకంలో 6.6 కోట్లు. మా అబ్బాయి పాత అంకె రాస్తే మార్కు పోయింది. మధ్యలో పది లక్షల ఏళ్ళు ఎలా పెరిగాయండీ?

జవాబు: పరీక్షలో 6.6 అనే రాయమనండి. అయితే 6.5 రాసిన పిల్లవాడికి మార్కు తీసేయడం మాకు న్యాయంగా తోచలేదు. ఒక తరం పాటు అన్ని పుస్తకాల్లోనూ ఉన్న అంకె అదే.

క్రెటేషియస్ ముగిసి పాలియోజీన్ మొదలైన హద్దును ఏళ్ళలో గీయలేదు, రాతిలో గీశారు. ట్యునీసియాలో ఎల్ కెఫ్ అనే ఊరి దగ్గర, ఒకప్పటి సముద్రం అడుగున వరుసగా పేరుకున్న పొరల మధ్య ఒక ముదురు రంగు బంకమట్టి పొర ఉంది. దాని అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల మందాన తుప్పురంగు చార. గ్రహశకలం పడ్డప్పుడు లేచిన ధూళి అది. ఇరిడియం అనే లోహం మామూలు మట్టిలో కన్నా అందులో ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ బంకమట్టి పొర అడుగే హద్దు అని 1991లో ఖాయం చేశారు. అది ఎన్నేళ్ళ కిందటిదన్నది వేరే పని, వేరే కొలత. పొలానికి సర్వే రాయి పాతాక గొలుసుతో కొలిస్తే ఒక లెక్క, మెషీన్‌తో కొలిస్తే ఒక లెక్క రావచ్చు. సెంట్లు మారతాయి గాని రాయి కదలదు కదా.

ఇక అంకె ఎందుకు మారిందంటే, ఆ కాలపు అగ్నిపర్వత బూడిదల వయసు ఎక్కువగా ఆర్గాన్ పద్ధతిలో తీస్తారు. రాతిలోని పొటాషియం మెల్లగా ఆర్గాన్‌గా మారుతుంది. ఎంత మారిందో కొలిచి, వయసు ముందే తెలిసిన ఇంకో ఖనిజంతో పోలుస్తారు. తక్కెడలో పడికట్టు రాయి లాంటిది ఆ ఖనిజం. అమెరికాలో కొలరాడోలోని ఫిష్ కాన్యన్ అనే చోటి బూడిదరాయి నుంచి తీసింది ప్రపంచమంతా వాడతారు. దాని వయసు 2.802 కోట్లు అనుకుంటూ వచ్చారు. 2008లో మరో పద్ధతితో సరిచూస్తే 2.820 కోట్లని తేలింది. పడికట్టు రాయి బరువే తప్పయితే ఆ కొట్లో తూచిన సరుకంతా తప్పే కదా! దాంతో తూచిన వయసులన్నీ నూటికి 0.65 చొప్పున పెరిగాయి. 6.55 కోట్ల దగ్గర ఆ తేడా నాలుగు లక్షల ఏళ్ళ పైమాట. మిగతాది కొత్త కొలతలు, పాత అంకెల్లో గుండుగుత్తగా సరిచేసిన భాగం.

ప్రశ్న (టి.నగర్ నుంచి ఒక టీచరు): ఇయాన్, ఎరా, పీరియడ్, ఎపోక్, ఏజ్ అన్నిటికీ తెలుగు పుస్తకాల్లో ‘యుగం’ అనే ఉంటోంది. ఒక్కోచోట కల్పం, మహాయుగం, శకం. పిల్లలకు ఏ మాట చెప్పాలి?

జవాబు: మేం ఇంగ్లిష్ మాటల్నే తెలుగు లిపిలో వాడుతున్నాం. తెలుగు మాటలు బాగాలేక కాదు, ఏ మెట్టుకు ఏ మాటో అందరూ ఒప్పుకున్న వాడుక ఇంకా కుదరలేదు. కబుర్లలో ‘జురాసిక్ యుగం’ అంటే తప్పులేదు, పరీక్షలో మాత్రం ‘జురాసిక్ పీరియడ్’ అని మెట్టు చెప్పాలి.

మెట్లు ఐదు. చిరునామాలా చదివితే గుర్తుంటాయి. మనం ఇప్పుడు ఉన్నది ఫానెరోజోయిక్ ఇయాన్, అందులో సీనోజోయిక్ ఎరా, అందులో క్వాటర్నరీ పీరియడ్, అందులో హోలోసీన్ ఎపోక్, చివరికి మేఘాలయన్ ఏజ్. ఔను, మన మేఘాలయే. చిరపుంజి దగ్గరి మామ్లూ గుహలో నేలమీంచి పైకి పెరిగిన ఒక సున్నపు స్తంభంలో, వానలు బాగా బలహీనపడిన కాలం గుర్తు దొరికింది. ఆ గుర్తునే హద్దుగా తీసుకొని 2018లో పేరు పెట్టారు. అది 2000 సంవత్సరం నుంచి వెనక్కి లెక్కిస్తే 4,250 ఏళ్ళ కిందటిది. పెద్ద మెట్టయిన ఫానెరోజోయిక్ పొడవు 53.88 కోట్ల ఏళ్ళు, చిన్న మెట్టయిన మేఘాలయన్‌ది నాలుగు వేల పైచిలుకు. మెట్ల పొడవులు సమానంగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదని పిల్లలకు మొదటే చెప్పేస్తే సగం తికమక పోతుంది.

పేర్లలోనూ ఒక పద్ధతంటూ లేదు. జూరా కొండల పేరుతో జురాసిక్, ఇంగ్లండులోని డెవన్ సీమ పేరుతో డెవోనియన్, రష్యాలోని పెర్మ్ ఊరి పేరుతో పెర్మియన్. సుద్దకు లాటిన్ మాట ‘క్రెటా’ నుంచి క్రెటేషియస్, బొగ్గు నుంచి కార్బోనిఫెరస్. ఎవరు ఎక్కడ ముందు చదివారో ఆ ఊరి పేరు నిలిచిపోయింది, అంతే.

ప్రశ్న (వేళచ్చేరి నుంచి ఒక విద్యార్థిని): హద్దు దగ్గర ‘గోల్డెన్ స్పైక్’ కొడతారంటారు. నిజంగా బంగారు మేకేనా? ఎక్కడ కొట్టాలో ఎవరు తేలుస్తారు?

జవాబు: బంగారం కాదమ్మా. కొన్నిచోట్ల కంచు బిళ్ళ బిగిస్తారు. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ కొండల్లో, ఇడియాకరన్ పీరియడ్ మొదలయ్యే చోట అలాంటిదే ఉంది. కొన్నిచోట్ల ఒక పలక, కొన్నిచోట్ల ఏమీ ఉండదు, కాగితం మీద ‘ఈ పొర అడుగున’ అని రాసి ఉంటుంది.

ఈ ఏర్పాటు ఎందుకు అవసరపడిందో చెప్పాలంటే ఒక గట్టు తగాదా చెప్పాలి. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లోని వేల్స్ రాళ్ళను భూవిజ్ఞాని సెడ్జ్‌విక్ కిందినుంచి పైకి చదువుతూ ‘కాంబ్రియన్’ అన్నాడు. ఇంకో భూవిజ్ఞాని మర్చిసన్ పైనుంచి కిందికి దిగుతూ ‘సైలూరియన్’ అన్నాడు. మధ్యలో కొన్ని పొరలు ఇద్దరి పట్టాలోనూ పడ్డాయి. స్నేహితులు కాస్తా మాటల్లేని స్థితికి వచ్చారు. 1879లో లాప్‌వర్త్ ఆ వివాదపు పొరల్ని విడదీసి ‘ఆర్డొవిషియన్’ అని మూడో పేరు పెడితేగాని గొడవ సద్దుమణగలేదు. హద్దు ఒక్క బిందువు దగ్గర, అందరూ ఒప్పుకున్నచోట ఉండాలన్న జ్ఞానం అలాంటి తగాదాల్లోంచి వచ్చింది. మొదటి మేకు 1972లో, చెక్ దేశంలోని క్లోంక్ అనే చోట, డెవోనియన్ అడుగున పడింది.

నియమాల్లో అన్నిటికన్నా తెలివైనది ఒకటుంది. మేకు ఎప్పుడూ ఒక విభాగం అడుగునే కొడతారు, పైన కొట్టరు. పై విభాగం అడుగే కింది విభాగానికి పై హద్దు. అందువల్ల రెండిటి మధ్య ఖాళీ మిగలదు, ఒకదానిమీద ఒకటి ఎక్కదు.

చోటు ఎంపికకు షరతులున్నాయి. పొరలు తగినంత మందంగా, మధ్యలో తెగకుండా పేరుకొని ఉండాలి. వేడికి, ఒత్తిడికి నలిగి ఉండకూడదు. దూరదేశాల్లోనూ దొరికే సముద్రజీవుల శిలాజాలుండాలి. ఒక ముఖ్య గుర్తు, దానికి తోడు ఇంకొన్ని గుర్తులు కావాలి. ఏ దేశం వాళ్ళయినా వెళ్ళి చూసేలా ఉండాలి. పైనా కిందా అగ్నిపర్వత బూడిద పొరలుంటే అదృష్టం.

దగ్గరగా చూడాలంటే చైనాలోని మైషాన్ క్వారీ. పెర్మియన్ పోయి ట్రయాసిక్ వచ్చిన హద్దు అక్కడుంది. సముద్రజీవుల్లో అత్యధిక భాగం నాశనమైన కాలం అది. 27వ నంబరు సున్నపురాయి పొర జానెడు కూడా ఉండదు. దాన్ని నాలుగు ముక్కలు చేసి, మూడో ముక్క అడుగున హద్దు పెట్టారు. ‘హిండియోడస్ పార్వస్’ అనే కోనొడాంట్ మొదట కనిపించేది అక్కడే. కోనొడాంట్ అంటే పాములాంటి చేప ఆకారపు ప్రాణి. దొరికేవి దాని నోట్లోని పళ్ళలాంటి ముక్కలు మాత్రమే, అవీ మిల్లీమీటరుకు లోపలే. సున్నపురాయిని చిన్న ముక్కలు చేసి పలచటి ఎసిటిక్ ఆమ్లంలో రోజుల తరబడి నానబెడతారు. వెనిగర్‌లో ఉండే ఆమ్లమే. రాయి కరుగుతుంది, ఫాస్ఫేటుతో చేసిన పళ్ళు కరగవు. ఆమ్లం ఘాటెక్కువైతే పళ్ళూ పాడవుతాయి, అందుకే ఓపిక.

వయసు మాత్రం ఆ పొరలో దొరకలేదు. కింద 25వ పొర, పైన 28వ పొర బూడిదలు. వాటి వయసులు 25.1941 కోట్లు, 25.1880 కోట్లు. రెండిటి మధ్య తేడా 61 వేల ఏళ్ళు. హద్దు ఎంత ఎత్తులో ఉందో చూసి, మధ్యలో 25.1902 అని లెక్కగట్టారు. అటూ ఇటూ 24 వేల ఏళ్ళ తేడా ఉండొచ్చని కూడా దాని పక్కనే రాస్తారు. ఈ ‘అటూ ఇటూ’ లేకుండా ఎవరైనా అంకె చెబితే అనుమానించండి.

తరువాత ఓట్లు. ముందు ఆ హద్దుకోసం వేసిన చిన్న బృందం, దానిపై ఉపసంఘం, దానిపై అంతర్జాతీయ స్ట్రాటిగ్రఫీ (రాతిపొరల శాస్త్రం) కమిషన్. అక్కడ నూటికి 60 ఓట్లు రావాలి. చివర అంతర్జాతీయ భూవిజ్ఞాన శాస్త్రాల సమాఖ్య ఆమోదం. అయ్యాక పదేళ్ళ దాకా తిరగదోడకూడదు.

ఇంత చేసినా తేడాలొస్తాయి. కాంబ్రియన్ మేకు కెనడాలో ఫార్చ్యూన్ హెడ్ అనే సముద్రపు ఒడ్డున ఉంది. ఒక పురుగులాంటి ప్రాణి మట్టిలో తొలుచుకుపోయిన జాడ మొదట కనిపించిన చోట 1992లో దాన్ని ఖాయం చేశారు. తరువాత అదే జాడ ఇంకో నాలుగు మీటర్ల కింద కూడా దొరికింది. మేకు అక్కడే ఉంది. శిలాజం దారి చూపిస్తుందే గాని హద్దు తను కాదు. క్రెటేషియస్ అడుగున అయితే ఇంకా మేకే పడలేదు. అందుకే దాని వయసు పుస్తకానికో తీరు: 14.4, 14.5, ఈమధ్య పట్టికలో 14.31.

ప్రశ్న (పల్లావరం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి): మా కొండరాయి ‘చార్నొకైట్’ అని, 250 కోట్ల ఏళ్ళనాటిదని అంటారు. ఆ లెక్క ఎలా తీశారు? ఇది ఆర్కియనా, ప్రొటెరోజోయికా?

జవాబు: మీ కొండ ప్రపంచ ప్రసిద్ధం, అందులో సందేహం లేదు. కలకత్తా స్థాపకుడని చెప్పే జాబ్ చార్నక్ సమాధి రాయి, పల్లావరం రాయి ఒకే జాతివని 1890లలో థామస్ హాలండ్ గమనించి, చార్నక్ పేరే పెట్టాడు. సెయింట్ థామస్ మౌంట్‌లోని రాతిని భారత భూవైజ్ఞానిక సర్వే జాతీయ స్మారకంగా గుర్తించింది కూడా.

వయసు తీసే పని ఇలా సాగుతుంది. ఎండకు వానకు చెడిన పైపొర కొట్టేసి, రెండు మూడు కిలోల తాజా రాయి తీసుకుంటారు. ఇసుకలా నూరి, జల్లించి, నీళ్ళలో బియ్యం గాలించినట్టు గాలిస్తారు. జిర్కాన్ అనే ఖనిజం నీటికన్నా 4.6 రెట్లు బరువు, మామూలు పలుగురాయి 2.65 రెట్లే. అందుకని జిర్కాన్ అడుగున ఆగుతుంది. అయస్కాంతంతో ఇనుపరజను తీసేసి, బరువైన ద్రవంలో వేసి ఇంకోసారి విడదీస్తారు. చివరికి మైక్రోస్కోపు కింద సూదితో ఒక్కో గింజ ఏరడమే. గింజ పొడవు మిల్లీమీటరులో పదో వంతు ఉంటే గొప్ప. వాటిని జిగురులో పొదిగి, సగం అరిగేదాకా సానబెట్టి, లోపలి చారల్ని ఫొటో తీస్తారు. అప్పుడుగాని లేజరు పెట్టరు. లేజరు చేసే గుంట వెడల్పు వెంట్రుకలో సగం.

జిర్కానే ఎందుకంటే, అది గట్టిపడేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. కాబట్టి తరువాత లోపల కనిపించే సీసం యురేనియం విరిగి వచ్చిందే. యురేనియం-238 సగం తరిగిపోవడానికి 446.8 కోట్ల ఏళ్ళు పడుతుంది. లెక్క మీరే చూసుకోవచ్చు. ప్రతి 1000 యురేనియం-238 పరమాణువులు మిగిలిన చోట సీసం-206 పరమాణువులు 10 ఉంటే వయసు సుమారు 6.4 కోట్లు. 40 ఉంటే 25 కోట్లు. 474 ఉంటే 250 కోట్లు. సరిగ్గా 1000 ఉంటే 446.8 కోట్లు.

ఎక్కడ చెడుతుందంటే, రేడియో ధార్మికత వల్ల గింజ లోపల దెబ్బతిని, పగుళ్ళగుండా సీసం కారిపోతుంది. అప్పుడు వయసు తక్కువ కనిపిస్తుంది. ప్రకృతి ఇందుకు ఒక చెకింగు పెట్టింది. అదే గింజలో యురేనియం-235 అని రెండో గడియారం ఉంది. సగం తరగడానికి దానికి 70.4 కోట్ల ఏళ్ళు, అది మారేది సీసం-207గా. రెండు గడియారాలూ ఒకే టైము చెబితే నమ్ముతారు. చెప్పకపోతే ఎంత సీసం పోయిందో గ్రాఫు మీద చూస్తారు, లేదా ఆ గింజను వదిలేస్తారు. ఇంకో ప్రమాదం ల్యాబ్‌లోని దుమ్ము. భూమి వయసు 455 కోట్లని 1956లో ఉల్కల సీసంతో తేల్చిన క్లెయిర్ పాటర్సన్‌కు చాలాకాలం లెక్కలు కుదరలేదు. గాలిలో, నీళ్ళలో, చివరికి చేతుల మీద కూడా సీసం ఉండటమే కారణం. గదిని కడిగి కడిగి శుభ్రం చేశాకే అంకె వచ్చింది. ఆ తరువాత ఆయన పెట్రోలులో సీసం కలపడం మీదే పోరాటానికి దిగాడు.

మీ రాయి విషయంలో చిక్కు వేరు. చార్నొకైట్ భూమి లోతుల్లో ఎర్రగా కాగిన రాయి. గింజ ఫొటో చూస్తే లోపల ఒక గుడ్డు, చుట్టూ తరువాత పట్టిన తొడుగు కనిపిస్తాయి. గుడ్డు మీద లేజరు పెడితే మొదట కరుగు గట్టిపడిన కాలం, తొడుగు మీద పెడితే మళ్ళీ కాగిన కాలం. లేజరు రెండిటి మీదా పడితే ఎప్పుడూ జరగని సంఘటనకు వయసు చెబుతుంది! అందుకని ‘రాయి వయసెంత’ అనే ముందు ‘దేని వయసు’ అని అడగాలి.

రెండో ప్రశ్నకు జవాబు: 250 కోట్ల దగ్గర ఆర్కియన్, ప్రొటెరోజోయిక్ అనే రెండు ఇయాన్ల మధ్య హద్దుంది గాని అక్కడ మేకు లేదు. గుర్తుపట్టదగ్గ గవ్వలు, ఎముకలు లేని కాలం కనుక పైన చెప్పిన పద్ధతి తిరగబడింది. ముందు గుండ్రటి అంకె పెట్టుకున్నారు: 250, 160, 100. మీ రాయి 250 కోట్లకు కాస్త ముందు గట్టిపడి, ఆ దరిదాపుల్లోనే మళ్ళీ కాగింది. పుట్టుక ఆర్కియన్, చివరి వేడి హద్దు మీద. ఆర్కియన్ అనడమే వాడుక. గుండ్రటి అంకెల హద్దులు మాకు పెద్దగా నచ్చవు. కమిషన్ కూడా వాటి చోట రాతి హద్దులు తేవాలనే చూస్తోంది.

ప్రశ్న (అంబత్తూరు నుంచి ఒక గృహిణి): మా వంటింటి అలమరలో కడప బండ ఉంది. విరిగిన అంచున ఫెర్న్ ఆకులాంటి నల్లటి ముద్ర కనిపించింది. శిలాజమా? దాచమంటారా?

జవాబు: దాచుకోండి, అందంగా ఉంటుంది. కాని ఆకు కాదు. ఇక్కడ ‘కడప్పా కల్లు’ అని, మనవైపు నాపరాయి అని పిలిచే ఈ సున్నపురాయి ప్రొటెరోజోయిక్ కాలపు సముద్రంలో పేరుకున్న మేట. తక్కువలో తక్కువ 54 కోట్ల ఏళ్ళ పైమాట. ఫెర్న్‌లు డెవోనియన్‌లో, అంటే 42 కోట్ల ఏళ్ళ కిందటికి ఇవతల గాని రాలేదు. తాతగారి పెళ్ళి ఫొటోలో మనవడి సెల్‌ఫోన్ కనిపించినట్టు అది.

మరి అదేమిటంటే, సన్నటి పగుల్లోకి దిగిన నీరు మాంగనీసును కొమ్మలు కొమ్మలుగా వదిలిపెట్టి పోయింది. గుర్తుపట్టడం తేలిక. భూతద్దంతో చూడండి, మధ్య ఈనె ఉండదు, ఆకుల్లో నరాలుండవు, కొమ్మలు ఇష్టమొచ్చినట్టు చీలతాయి. గుండుసూదితో గీస్తే పైన పలచటి మసిలా లేస్తుంది. ఆ కాలపు అసలు జీవుల గుర్తులు చూడాలంటే కడప వైపు వేంపల్లె సున్నపురాళ్ళలో స్ట్రోమటోలైట్లున్నాయి. సూక్ష్మజీవుల తెట్టెలు పొరలుపొరలుగా కట్టిన ఉల్లిపాయ ముక్కల్లాంటి ఆకారాలు.

ఆ బండ వయసు పల్లావరం రాయి తీరున తీయలేరు. మేటరాళ్ళలోకి ఇసుకతో కొట్టుకొచ్చిన జిర్కాన్ చెప్పేది తల్లిరాయి వయసు. బండ అంతకన్నా చిన్నదని మాత్రం తెలుస్తుంది. అన్నట్టు నిమ్మకాయ పిండినచోట మచ్చ పడేది అది సున్నపురాయి కావడంవల్లే. ఆమ్లం పైపూతను తినేస్తుంది. నూనె రాస్తే మచ్చ కనపడదు, పోదు.

ప్రశ్న (కోడంబాక్కం): కార్బన్ డేటింగ్ చేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్ళకు సగమవుతుంది. 50,000 ఏళ్ళకు మిగిలేది నాలుగు వందల్లో ఒక వంతు. ఆ తరువాత చేతికంటిన కొత్త కార్బనే ఎక్కువ లెక్కకొస్తుంది. పైగా అది ఒకప్పుడు ప్రాణమున్న వస్తువులకే. డైనోసార్ ఎముకకు కార్బన్ డేటింగ్ చేశారని వార్తలో చదివితే ఆ వార్త పక్కన పెట్టేయండి.

ప్రశ్న (విల్లివాక్కం): ప్రతి ఏటా తిరుమల వెళ్తాం. ఘాట్ రోడ్డులో ‘ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ’ అని ఉంటుంది. అదేమిటి?

జవాబు: కనిపించని కాలం. కింద గ్రానైటు, ఆర్కియన్‌ది. దానిమీద పరుపులు పేర్చినట్టు నగరి క్వార్ట్జైటు, ప్రొటెరోజోయిక్ ఇసుక గట్టిపడిన రాయి. కొండమీద శిలాతోరణం ఉన్నది ఈ పైరాతిలోనే. గ్రానైటు భూమికి కిలోమీటర్ల లోతున గట్టిపడుతుంది. దానిమీద ఇసుక నేరుగా పడాలంటే ముందు పైనున్న రాయంతా అరిగి కొట్టుకుపోవాలి. ఆ అరుగుదలకు పట్టిన పదుల కోట్ల ఏళ్ళకు అక్కడ మిగిలింది ఒక గీత. కాలం ఆగలేదు, పద్దు రాసినవాడు లేడు. అందుకే ఇలాంటి చోట ఎంత పేరున్నా మేకు కొట్టరు. పుటలు చిరిగిన చోట అధ్యాయం ఎక్కడ మొదలైందో చెప్పలేం కదా. చూడాలంటే బస్సు కిటికీలోంచి చూడండి, ఘాట్‌లో బండి ఆపకండి, రాయి పెచ్చు కొట్టకండి. అది జాతీయ స్మారకం.

ప్రశ్న (మైలాపూరు): బ్రహ్మకు ఒక పగలు, అంటే కల్పం, 432 కోట్ల ఏళ్ళు. భూమి వయసు 454 కోట్లు. మనవాళ్ళకు ముందే తెలుసన్నమాటేగా?

జవాబు: అంత పెద్ద సంఖ్యను ఊహించడం గొప్పే. కాని ఈ రెండు లెక్కలూ పుట్టిన తీరు వేరు. కల్పం గుణకారంతో వచ్చింది. 43.2 లక్షల ఏళ్ళ మహాయుగాలు వెయ్యి, వాటిలో సమానమైన 14 మన్వంతరాలు. భూవిజ్ఞానంలో ఫానెరోజోయిక్ పీరియడ్లలో ఏ రెండూ సమానం కావు, ఎందుకంటే అవి రాతిలో కనిపించిన మార్పుల దగ్గర తెగాయి. ఇక దగ్గర దగ్గరగా ఉన్నాయి కదా అంటే, తేడా 22 కోట్లు. డైనోసార్ల రాజ్యం మొత్తం అందులో ఇమిడి ఇంకా మిగులుతుంది.

ప్రశ్న (తాంబరం నుంచి ఒక కాలేజీ విద్యార్థి): ‘అప్పర్ క్రెటేషియస్’, ‘లేట్ క్రెటేషియస్’ ఒకటేనా? ‘ఆంత్రోపొసీన్’ పరీక్షలో రాయొచ్చా?

జవాబు: చేత్తో తాకగలిగితే అప్పర్, లేకపోతే లేట్. అరియలూరు అమ్మొనైటు (చుట్టలు తిరిగిన గవ్వ ఉన్న సముద్రప్రాణి) అప్పర్ క్రెటేషియస్ పొరలో దొరికింది, ఆ ప్రాణి లేట్ క్రెటేషియస్‌లో బతికింది. ఆంత్రోపొసీన్ అంటే మనిషి చేతలు భూమినే మార్చేసిన కాలం, దాన్ని ఎపోక్‌గా రాయకండి. కెనడాలోని క్రాఫర్డ్ సరస్సు అడుగు మట్టిలో, 1950ల అణుపరీక్షల ప్లుటోనియం గుర్తు దగ్గర మేకు కొడదామన్న ప్రతిపాదన 2024 మార్చిలో ఓడిపోయింది. మాటగా వాడుకలో ఉంటుంది, పట్టికలో లేదు.

ప్రశ్న (క్రోంపేట నుంచి ఒక తల్లి): పాప స్కూలు ప్రాజెక్టుకు ఈ పట్టిక చెయ్యాలి. చార్టు మీద గళ్ళు గీస్తే చాలా?

జవాబు: సమానమైన గళ్ళు గీస్తే చెప్పదలచిందే తప్పవుతుంది. బిల్లు రోలు లాంటి పొడవాటి కాగితం తీసుకోండి. 1 సెంటీమీటరుకు 1 కోటి ఏళ్ళ చొప్పున 4 మీటర్ల 57 సెంటీమీటర్లు కత్తిరించండి. పట్టిక 456.7 కోట్ల దగ్గర మొదలవుతుంది. అది సౌరమండలంలో మొట్టమొదటి గట్టి పదార్థం వయసు, భూమి తయారవడం ఆ తరువాత కొంతకాలం సాగింది. కుడి చివర ‘నేడు’ అని రాసి, అక్కడినుంచే కొలవండి. ఎడమనుంచి కొలిస్తే చిన్న చిన్న తప్పులన్నీ పోగై కుడివైపు ఇరుకులో పడతాయి. 403 సెం.మీ. దగ్గర ఆర్కియన్, 250 దగ్గర ప్రొటెరోజోయిక్, 53.9 దగ్గర ఫానెరోజోయిక్ మొదలు. డైనోసార్లు పోయింది 6.6 సెం.మీ. దగ్గర.

ఆ చివరి మూరెడులో 12 పీరియడ్ల పేర్లు పట్టవు. అందుకని రెండో పట్టీ చేయండి, 1 సెం.మీ.కు 20 లక్షల ఏళ్ళు, మొత్తం 2 మీ. 69.5 సెం.మీ. ఎడమనుంచి కాంబ్రియన్ 26 సెం.మీ., ఆర్డొవిషియన్ 21.9, సైలూరియన్ 11.7, డెవోనియన్ 30.4, కార్బోనిఫెరస్ 30, పెర్మియన్ 23.5, ట్రయాసిక్ 25.2, జురాసిక్ 29.2, క్రెటేషియస్ 38.6, పాలియోజీన్ 21.5, నియోజీన్ 10.2, క్వాటర్నరీ 1.3. పెన్సిలుతో హద్దులన్నీ పెట్టుకొని, మొత్తం సరిపోయిందో చూశాకే రంగులు వేయనివ్వండి. హోలోసీన్‌ను గీయడానికి ప్రయత్నించొద్దు. 11,700 ఏళ్ళంటే మొదటి పట్టీ మీద మిల్లీమీటరులో దాదాపు 85వ వంతు, పెన్సిలు గీతే దానికన్నా ఎన్నో రెట్లు లావు. కాగితం కుడి అంచుకు బాణం గుర్తు వేసి పేరు రాస్తే చాలు.